మొబైల్ షాపుల వారికి ఒక విన్నపం: బిల్లుకు అక్కర్లేనిది అడగకండి

విజయవాడలో మొబైల్ ఫోన్లు అమ్మే షాపుల యజమానులకు, మేనేజర్లకు, కౌంటర్ దగ్గర బిల్లు కొట్టే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నేను గవర్నర్‌పేటలో చిన్న గది అద్దెకు తీసుకుని షాపులకు జీఎస్టీ లెక్కలు రాస్తుంటాను. కిరాణా కొట్లు, చెప్పుల షాపులు, పెయింట్ల దుకాణాలతో పాటు మొబైల్ షాపుల వాళ్లూ నా దగ్గరకు వస్తారు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో, మీ బీరువాల మీద ఆధార్ జిరాక్సుల కట్టలు ఎలా పేరుకుపోతాయో నాకు బాగా తెలుసు. మీ మీద నింద వేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీలో చాలామంది కష్టపడి, నిజాయితీగా వ్యాపారం చేసుకునేవాళ్లే. అయితే ఫోన్ కొనడానికి వచ్చిన మనిషిని మీరు అడుగుతున్న వివరాల్లో చాలా భాగం ఏ చట్టమూ అడగనివి, ఏ పన్నుకూ అక్కర్లేనివి. అవి అడగడం మానండి. నిజంగా కావలసింది అడిగినప్పుడు ఎందుకో చెప్పండి. ఇవ్వనన్నవాళ్లకు కూడా అదే మర్యాదతో బిల్లు ఇవ్వండి.

బీసెంట్ రోడ్డులోనో, ఏలూరు రోడ్డులోనో ఒక షాపుకి వెళ్లి, నచ్చిన ఫోన్ చూసుకుని, డబ్బులు మొత్తం చేతిలో పెట్టినా సరే, బిల్లు రావాలంటే ముందు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పేరు, వాట్సాప్ ఉన్న నంబరు, ఇంకో నంబరు, ఇంటి అడ్రసు, ఈమెయిల్, పుట్టినరోజు, పెళ్లిరోజు. కొన్ని షాపుల్లో ఆధార్ జిరాక్స్ కూడా. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా తమ్ముడు చెప్పేదీ ఇదే. ఎందుకండీ ఇవన్నీ అని అడిగితే వచ్చే జవాబులు కూడా అన్నిచోట్లా ఒకటే. "గవర్నమెంట్ రూల్ అండీ." "పోలీసులు అడుగుతారండీ." "లేకపోతే వారంటీ రాదండీ." "నంబరు కొట్టకపోతే సిస్టమ్ తీసుకోదండీ."

గవర్నమెంట్ రూల్ సంగతి నా వృత్తికి సంబంధించింది కాబట్టి ముందు అదే చెబుతాను. బిల్లు మీద ఏమేం ఉండాలో కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) నిబంధనల్లో 46వ నిబంధన చెబుతుంది. మీ పేరు, చిరునామా, మీ జీఎస్టీ నంబరు, బిల్లు వరుస సంఖ్య, తేదీ, వస్తువు వివరం, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే సంఖ్య, ఫోన్లకైతే 8517తో మొదలవుతుంది), విలువ, పన్ను శాతం, పన్ను మొత్తం, సంతకం. ఇక కొనేవాళ్ల సంగతి. జీఎస్టీ నంబరు లేని మామూలు కొనుగోలుదారు అయితే, సరుకు విలువ 50 వేల రూపాయలకు తక్కువ ఉన్నప్పుడు పేరూ అడ్రసూ రాయాల్సిన పని లేదు. వాళ్లంతట వాళ్లు నా పేరు మీద బిల్లు కావాలని కోరితే రాయాలి. విలువ 50 వేలు, ఆపైన ఉంటే పేరు, అడ్రసు, రాష్ట్రం పేరు, రాష్ట్రం కోడ్ రాయాలి. మన రాష్ట్రం కోడ్ 37. ఫోన్ నంబరు మాట ఆ నిబంధనలో ఎక్కడా లేదు. ఈమెయిల్ లేదు. పుట్టినరోజు లేదు. ఆధార్ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీరు నెలకో, మూడు నెలలకో అమ్మకాల లెక్క చూపిస్తూ వేసే జీఎస్టీఆర్-1 రిటర్న్ చాలామందికి నేనే వేస్తాను. రాష్ట్రం లోపల మామూలు జనానికి అమ్మిన సరుకంతా అందులో పన్ను శాతం ప్రకారం ఒక్క మొత్తంగా చూపిస్తాం. ఫలానా ఆయనకు ఫలానా ఫోన్ అమ్మామని పేరు పేరునా ప్రభుత్వానికి వెళ్లదు. పటమటలో ఉండే టీచరు గారు మీ దగ్గర పద్నాలుగు వేల ఫోన్ కొంటే, ఆవిడ పేరు రిటర్న్‌లో చూపడానికి గడి కూడా లేదు. పార్టీ పేరు దగ్గర "క్యాష్" అని కొట్టి బిల్లు ఇవ్వడం మన ఊళ్లో ప్రతి వ్యాపారికీ అలవాటే. బకెట్లు అమ్మేవాళ్లు, మిక్సీలు అమ్మేవాళ్లు ఇస్తున్నారు. మీరు కూడా ఇవ్వవచ్చు. కాబట్టి దయచేసి "గవర్నమెంట్ రూల్" అని చెప్పకండి. పన్నుల పేరు చెప్పి జనాన్ని అదిలిస్తుంటే పన్నుల లెక్కలు రాసే నాకు బాధగా ఉంటుంది.

సిస్టమ్ తీసుకోదు అనే మాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నంబరు గడిని తప్పనిసరి చేసి పెట్టింది మనుషులే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయవచ్చు. పెద్ద షోరూముల్లో అది హెడ్డాఫీసు చేతిలో ఉంటుందంటారు. అలాగైతే హెడ్డాఫీసుకు ఒక మెయిల్ పెట్టండి. వారంటీ కూడా అంతే. సర్వీస్ సెంటర్ వాళ్లు చూసేది ఫోన్ ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), బిల్లు తేదీ. కొన్నవాళ్ల పుట్టినరోజు చూసి బ్యాటరీ మార్చరు.

పోలీసుల మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ మీ భయంలో కొంత నిజం ఉంది. ఏదైనా కేసులో ఫోన్ దొరికితే, అది మీ షాపులో అమ్మిందని తేలితే, స్టేషన్ నుంచి కబురు వస్తుంది. "ఎవరికి అమ్మావు" అని అడుగుతారు. తెలియదని చెప్పడానికి ఎవరికైనా టెన్షన్‌గానే ఉంటుంది. కానీ ఫోన్‌ను వెతికే పద్ధతి ఈ పదిహేనేళ్లలో చాలా మారింది. 2008 ముంబయి దాడుల తర్వాత ఐఎంఈఐ లేని ఫోన్ల దిగుమతిని 2009లో ఆపేశారు. సరైన ఐఎంఈఐ లేని ఫోన్లకు నెట్‌వర్క్ ఇవ్వొద్దని టెలికాం శాఖ ఆదేశించింది. 2023 జనవరి 1 నుంచి ఇక్కడ తయారయ్యే ప్రతి ఫోన్ ఐఎంఈఐనీ మొదటి అమ్మకానికి ముందే కంపెనీ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. 2023 మేలో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్ దేశమంతా మొదలైంది. పోయిన ఫోన్‌ను అక్కడ ఐఎంఈఐతో బ్లాక్ చేయించవచ్చు. ఆ ఫోన్‌లో ఎవరైనా సిమ్ వేస్తే టెలికాం కంపెనీకి తెలుస్తుంది, ఆ సిమ్ ఎవరి పేరున ఉందో కూడా అక్కడే ఉంటుంది. అంటే ఫోన్ ఎవరి చేతిలో ఉందో చెప్పేది సిమ్ రికార్డు. మీ రిజిస్టర్ కాదు. తండ్రి కొన్న ఫోన్ కొడుకు వాడతాడు, కొడుకు పాతది అమ్మకిస్తాడు, అమ్మ దగ్గర పాడైతే రిపేర్ షాపులో ఇచ్చేస్తారు. మొదటిరోజు కొన్న మనిషి పేరు పోలీసులకు పనికొచ్చేది చాలా తక్కువ.

మీ వైపు నుంచి పోలీసులకు కావలసింది ఏ ఐఎంఈఐ ఏ తేదీన ఏ బిల్లు మీద పోయిందన్న లెక్క. అది మీ స్టాక్ రికార్డులో ఎలాగూ ఉండాలి. కొన్నవాళ్లకు కూడా అదే అవసరం. ఫోన్ పోతే ఫిర్యాదు చేయడానికి ఐఎంఈఐ కావాలి. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలు ఉంటాయి. మీ బిల్లుల్లో చాలావాటి మీద ఒక్కటే ఉంటుంది, అదీ పెన్నుతో గీకినట్టు. పెళ్లిరోజు అడిగి టైప్ చేసే ఓపిక ఉన్నప్పుడు, ఆ రెండు పదిహేను అంకెల నంబర్లు బిల్లు మీద స్పష్టంగా ప్రింట్ చేయడానికి కూడా ఓపిక ఉండాలి. కొన్నవాళ్లకు మీరు చేయగలిగిన నిజమైన సాయం అది.

ఫోన్ అమ్మకాల రిజిస్టర్ పెట్టాలని మీకు పోలీసు కమిషనరేట్ నుంచి రాతపూర్వకంగా ఆదేశం వచ్చి ఉంటే, దాన్ని కౌంటర్ పక్కన గోడకు అంటించండి. జనం చదువుకుంటారు, ఆదేశంలో ఉన్నంత వరకు వివరాలు ఇస్తారు. నోటిమాటగా "పైవాళ్లు చెప్పారు" అంటే నమ్మడం కష్టం.

పాత ఫోన్ల దగ్గర మాత్రం నేను పూర్తిగా మీ పక్షాన ఉంటాను. ఎవరో తెలియని కుర్రాడు వచ్చి సగం ధరకు ఫోన్ ఇస్తానంటే, అతని గుర్తింపు కార్డు చూడకుండా, బిల్లు అడగకుండా, అతని పేరు రాసుకోకుండా తీసుకోకూడదు. దొంగ సొత్తు అని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. 2025 అక్టోబరులో సవరించిన టెలికాం సైబర్ భద్రతా నిబంధనలు కూడా పాత ఫోన్లు కొని అమ్మేవాళ్లు ముందు ఐఎంఈఐని ప్రభుత్వ జాబితాతో సరిచూసుకోవాలని చెబుతున్నాయి. కేవైఎం (KYM) అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి, పక్కన ఐఎంఈఐ కొట్టి 14422కు మెసేజ్ పెడితే ఆ ఫోన్ వివరం వస్తుంది. మొబైల్ కొట్టు నడిపేవాళ్లు ఇది చేయకపోతే వాళ్లకే ప్రమాదం. కానీ పాత ఫోన్ అమ్మేవాళ్ల నుంచి తీసుకోవలసిన జాగ్రత్తను తెచ్చి, సీలు తీయని కొత్త డబ్బా కొనే తల్లిదండ్రుల మీద పెడితే ఎలా?

సిమ్ వేరు, ఫోన్ వేరు. ఈ రెండూ ఒకే కౌంటర్ మీద అమ్ముతారు కాబట్టి జనానికి తేడా తెలియదు, చెప్పేవాళ్లూ తక్కువ. సిమ్ ఇవ్వాలంటే గుర్తింపు తీసుకోవడం చట్టం చెప్పిన పని, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. అక్కడ కూడా కాగితం మీద కేవైసీ, అంటే గుర్తింపు సరిచూసే పని, 2024 జనవరి 1 నుంచి ఆగిపోయింది. అంతా యాప్‌లో, ఫొటోతో, ఆధార్ లేదా ఇంకో గుర్తింపు కార్డు ధృవీకరణతో జరుగుతుంది. మరి సిమ్‌కే జిరాక్స్ అక్కర్లేనప్పుడు ఫోన్‌కు జిరాక్స్ ఎందుకు తీసుకుంటున్నారు? "వేలు సరిగ్గా పడలేదమ్మా, ఇంకోసారి పెట్టండి" అని రెండోసారి వేలిముద్ర వేయించి, అదే మనిషి పేరున ఇంకో సిమ్ తీసి అమ్ముకున్న మోసాలు దేశంలో ఎన్నో బయటపడ్డాయి. ఒక మనిషి పేరున తొమ్మిది సిమ్‌ల వరకు ఉండవచ్చు కాబట్టి నాలుగోదో ఐదోదో ఎక్కడ ఉందో ఆ మనిషికి తెలియనే తెలియదు. చదువుతున్న కొనుగోలుదారులకు కూడా ఒక మాట: మీ పేరున ఎన్ని నంబర్లు ఉన్నాయో సంచార్ సాథీలో చూసుకోండి. మీవి కానివి ఉంటే అక్కడే చెప్పవచ్చు.

ఇక ఫైనాన్స్. ఈఎంఐ మీద ఫోన్ తీసుకుంటే అది అప్పు. అప్పు ఇచ్చే కంపెనీ పాన్, ఆధార్, ఆదాయం, అడ్రసు అడుగుతుంది, అడగాలి కూడా. నాకు బాధగా ఉండేది ఆ టేబుల్ దగ్గర జరిగే తీరు. కొత్త ఫోన్‌ను కొన్నవాళ్ల చేతికి ఇవ్వకుండానే ఫైనాన్స్ కుర్రాడు తీసుకుంటాడు. యాప్ వేస్తాడు. అనుమతి అడిగిన ప్రతిదానికీ తనే నొక్కేస్తాడు. కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు, అన్నిటికీ. కొన్న మనిషి పక్కన కూర్చుని ఓటీపీలు చదివి వినిపిస్తుంటాడు. డిజిటల్ అప్పుల మీద రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చి స్పష్టంగా చెప్పింది. అప్పు యాప్ ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టుల జాబితా, కాల్ లాగ్ జోలికి పోకూడదు. కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ లాంటివి ఒక్కసారి, అదీ అప్పు తీసుకునే మనిషి స్పష్టమైన అంగీకారంతోనే వాడుకోవచ్చు. లోన్ యాప్‌ల వాళ్లు కాంటాక్టుల్లో ఉన్న అందరికీ ఫోన్లు చేసి, ఫొటోలు మార్చి పంపి, కుటుంబాలను ఎంత క్షోభ పెట్టారో మన రాష్ట్రంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పరువు పోయిందని ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అవన్నీ చూసిన తర్వాత కూడా మీ షాపులో, మీ కుర్చీలో కూర్చుని ఒకరు ఆ అనుమతులు నొక్కేస్తుంటే మీరు అటు చూడకపోవడం నాకు అర్థం కాదు.

రెఫరెన్స్ నంబర్ల సంగతి కూడా చూడండి. ఇద్దరు బంధువులవో స్నేహితులవో నంబర్లు చెప్పమంటారు. వాళ్లు అక్కడ ఉండరు, వాళ్లను ఎవరూ అడగరు. వాయిదా ఒక వారం ఆలస్యమైతే మొదట మోగేది వాళ్ల ఫోన్లే. అప్పు తీసుకున్నవారి కుటుంబ సభ్యులను, స్నేహితులను, రిఫరెన్సుగా పేరిచ్చినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో మళ్లీ గుర్తు చేసింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని కూడా చెప్పింది. ఫైనాన్స్ కంపెనీ వేరు, మేము వేరు అని మీరు అనవచ్చు. కొన్నవాళ్లకు కనిపించేది మీ బోర్డే.

అసలు నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది మరో సంగతి. మా అమ్మాయి ఇంటర్ అయి ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు ఫోన్ కొన్నాం. షాపు పేరు రాయను, రాసి ఆ యజమానిని రోడ్డున పెట్టడం నా ఉద్దేశం కాదు. డబ్బు నేను కట్టాను. నంబరు చెప్పబోతుంటే కౌంటర్‌లో కుర్రాడు "వాడేది పాపగారు కదండీ, ఆమె నంబరే ఇవ్వండి, ఆఫర్లు వస్తాయి" అన్నాడు. అమ్మాయి చెప్పింది. అతను పక్కవాళ్లకు వినపడేలా మళ్లీ చదివి సరిచూసుకున్నాడు. ఆ వారంలోనే రాత్రిపూట వాట్సాప్‌లో "హాయ్" అని మొదలైంది. తర్వాత "ఫోన్ బాగా పనిచేస్తోందా", తర్వాత "డీపీ బాగుంది". బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. అమ్మాయి మాకు చెప్పడానికి భయపడింది, ఫోన్ తీసేసుకుంటామేమోనని. విషయం తెలిసి నేను షాపుకి వెళ్లి అడిగితే ఆ యజమాని అన్న మాట: "వయసులో ఉన్న కుర్రాళ్లండీ, చూసీ చూడనట్టు వదిలేయండి."

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఇష్టం లేదని చెప్పినా ఒక ఆడపిల్లకు పదేపదే మెసేజ్‌లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు. చూసీ చూడనట్టు వదిలేసే సంగతి కాదది. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీఛార్జ్ షాపుల్లో అమ్మాయిల నంబర్లు డబ్బుకు అమ్ముతున్నారని వార్తలు వచ్చినప్పుడు ఎక్కడో అనుకున్నాం. విజయవాడ అంటే చదువుల ఊరు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా పిల్లలు వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉంటారు. వాళ్లు ఫోన్ కొనేది, రీఛార్జ్ చేయించుకునేది, గ్లాసు వేయించుకునేది మీ దగ్గరే. ఊరు కాని ఊళ్లో, ఇంట్లో చెప్పుకోలేక, ఎంతమంది ఆడపిల్లలు నంబరు మార్చుకుని ఊరుకుంటున్నారో మీకు తెలియదు, నాకూ తెలియదు. నంబరు అడిగి తీసుకున్న షాపుకు దాని బాధ్యత కూడా ఉంటుంది. కనీసం రిజిస్టర్‌ను కౌంటర్ మీద బార్లా తెరిచి పెట్టకండి. పైన ఎవరి నంబరు ఉందో, ఏ ఫోన్ కొన్నారో తర్వాత వచ్చిన ప్రతి మనిషీ చదువుకోవచ్చు.

లక్కీ డ్రా కూపన్ల మాట కూడా చెప్పాలి. దసరాకు, సంక్రాంతికి షాపు ముందు ప్లాస్టిక్ డ్రమ్ము పెడతారు. ఫోన్ కొన్నవాళ్లు స్లిప్పు మీద పేరు, నంబరు, అడ్రసు రాసి అందులో వేస్తారు. డ్రా తీస్తారు, ఎవరికో స్కూటీ వస్తుంది, ఫొటోలు దిగుతారు. మిగతా స్లిప్పులన్నీ ఏమవుతున్నాయి? నేను లెక్కలు చూసే ఒక షాపులో గోనెసంచిలో కట్టి మెట్ల కింద పడేశారు. ఇంకో చోట పాత కాగితాలు కొనేవాళ్లకు కిలోల లెక్కన వేశారు. ఆధార్ జిరాక్సుల కట్టలకూ అదే గతి. తర్వాత ఎప్పుడో ఒకరోజు ఫోన్ వస్తుంది: "మీరు ఫలానా షాపులో ఫలానా ఫోన్ కొన్నారు కదా సార్, మీకు కారు తగిలింది, పన్ను కట్టాలి." మన పేరు, ఊరు, కొన్న ఫోన్ మోడల్ సరిగ్గా చెబితే పెద్దవాళ్లు నమ్మకుండా ఎలా ఉంటారు? మోసగాడి మాటకు నమ్మకం తెచ్చిపెట్టేది మీ స్లిప్పు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు వెంటనే ఫోన్ చేయమని పోలీసులు చెబుతున్నారు, అది మంచిదే. ఆ స్లిప్పులు డ్రా అయిన మర్నాడే చింపి పారేస్తే చాలామందికి ఆ ఫోన్ చేయాల్సిన అవసరమే రాదు.

చట్టం ఇప్పుడు ఎవరి వైపు ఉందో కూడా మీకు తెలిసి ఉండాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. ఫోన్ నంబర్లకు ఆధార్ తప్పనిసరిగా లింక్ చేయడం చెల్లదని 2018 సెప్టెంబరు 26న అదే కోర్టు చెప్పింది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, మొబైల్ నంబరు చెప్పకపోతే "బిల్లు ఇవ్వం" అనడం, "సరుకు అమ్మం" అనడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని వ్యాపారులకు చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అయితే, కొనుగోలుదారు నమ్మి ఇచ్చిన వివరాలను చట్టం చెప్పని తీరులో ఇంకొకరికి ఇవ్వడం కూడా అన్యాయ వ్యాపార పద్ధతుల్లోకే వస్తుంది. దాని మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.

వీటన్నిటికన్నా పెద్దది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అమలు కావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే దాకా. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించే వివరం ఎందుకు తీసుకుంటున్నారో ముందే నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఉండాలి. తెలుగు వాటిలో ఒకటి. చెప్పిన పనికి అవసరమైనంత వరకే తీసుకోవాలి. ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కు కొన్నవాళ్లకు ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం రుజువు చేసుకోగలిగేలా ఉండాలి. ఇంటర్ పిల్లల నంబర్లు రాసుకునే మీకు ఇది ముఖ్యం. వివరాలను కాపాడటంలో తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. అంత జరిమానా బీసెంట్ రోడ్డు షాపుకు వేస్తారని భయపెట్టడం లేదు. కానీ ఏ జాగ్రత్తా లేకుండా లక్షల నంబర్లు పోగేసుకోవడం ఇకముందు ఆస్తి కాదు, మోయాల్సిన బరువు.

ఆ చట్టంలోనే ఒక చక్కటి ఉదాహరణ ఉంది. ఒకామె మందుల షాపులో మందులు కొని, రసీదు ఫోన్‌కు పంపమని తనంతట తానే నంబరు ఇస్తుంది. షాపువాళ్లు ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. అంతవరకే. మీ బిల్లు కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది కాబట్టి చాలామంది వాట్సాప్‌లో బిల్లు కావాలనే అంటారు. అడగండి, పంపండి. కానీ బిల్లు కోసం ఇచ్చిన నంబరుకు తెల్లారి నుంచి పౌచ్‌ల ఆఫర్లు, ఇన్సూరెన్స్ ఫోన్లు రాకూడదు.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఆన్‌లైన్ పోటీలో ఒక్కో ఫోన్ మీద మిగిలేది ఎంతో మీ లెక్కలు రాసే నాకు తెలుసు. కంపెనీ స్కీము డబ్బు రావాలంటే కొన్నిసార్లు కస్టమర్ నంబరు, ఓటీపీ ఎక్కించక తప్పదు. అలాంటప్పుడు ఉన్నమాట చెప్పండి: "మీ నంబరు ఇస్తే కంపెనీ నుంచి ఇంత తగ్గింపు వస్తుందండీ, ఇవ్వకపోతే ధర ఇది." వినేవాళ్లు తేల్చుకుంటారు, చాలామంది ఇస్తారు కూడా. పాత కస్టమర్లకు పండగ ఆఫర్లు పంపాలనుకుంటే దానికి వేరే కాగితం పెట్టండి, ఇష్టమైనవాళ్లు రాస్తారు. ఆధార్ చూపించమనాల్సిన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలని చెప్పండి, చూసి తిరిగి ఇచ్చేయండి. ఆడపిల్ల పక్కన పెద్దవాళ్లు ఉంటే పెద్దవాళ్ల నంబరు తీసుకోండి. నంబరు పైకి చదవకుండా స్క్రీన్ వాళ్లవైపు తిప్పి చూపించండి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నంబరు గడిని తప్పనిసరి కాకుండా మార్చడం తెలియకపోతే నన్ను పిలవండి. గవర్నర్‌పేట చుట్టుపక్కల ఏ షాపుకైనా వచ్చి చేసిపెడతాను, డబ్బులు అక్కర్లేదు. బిల్లు మీద రెండు ఐఎంఈఐలు ప్రింట్ అయ్యేలా కూడా సరిచేస్తాను. దసరా ఆఫర్ల రద్దీ మొదలయ్యాక మీకూ తీరిక ఉండదు, నాకూ రిటర్న్‌ల పని ఉంటుంది. అందుకని ఆ లోపే చెప్పండి.

ఇట్లు,
గవర్నర్‌పేటలో జీఎస్టీ లెక్కలు రాసే ఒక అకౌంటెంట్,
విజయవాడ